"ఆల్టర్" అంటే ముసలోడనా, మామా అనా? జర్మన్‌లో మగవాళ్ల వయసు మాటలు

కడప_టు_కెమ్నిట్స్
మా ల్యాబ్‌లో ఒక జర్మన్ పిల్లోడు ఉన్నాడు, ఇరవై మూడేళ్లుంటాయేమో. నోరు తెరిస్తే "ఆల్టర్". ప్రింటర్ ఆగిపోతే ఆల్టర్, క్యాంటీన్‌లో సూప్ బాగుంటే ఆల్టర్, నన్ను పిలవాలన్నా ఆల్టరే. నిఘంటువు తీస్తే ఒకచోట "వయసు" అనుంది, ఇంకోచోట "ముసలివాడు" అనుంది. ఇదొక సంగతి. మొన్న మా వర్క్‌షాప్ పెద్దాయన రిటైరయ్యాడు. వీడ్కోలు రోజున అందరూ ఆయన్ని "ఆల్టర్ హాజె" అంటుంటే ఆయన మొహం వెలిగిపోయింది. ముసలి కుందేలు అంటే సంతోషమేందబ్బా? అదే వారం ట్రామ్‌లో ఎవడో ఒక పెద్దాయన్ని "ఆల్టర్ జాక్" అన్నాడు, డబ్బా అంతా రచ్చ రచ్చ. రెండిట్లోనూ "ఆల్టర్" ఉంది కదా! ఒకటి సన్మానం, ఇంకోటి తిట్టు ఎట్లయింది? తెలిసినోళ్లు చెప్పండన్నా. మగోళ్ల వయసు మీద వీళ్లకు ఇన్ని మాటలెందుకో కూడా చెప్పండి.

హాంబర్గ్_హరి
వాడు నిన్ను ముసలోడు అనట్లేదు తమ్ముడూ. మన కాలేజీల్లో "మామా" అంటాం చూడు, అదే. మామా అన్నంత మాత్రాన పిల్లనిమ్మని అడిగినట్టు కాదుగా. మా హాంబర్గ్‌లో అయితే ఆల్టర్ కంటే "డిగ్గా" ఎక్కువ వినపడుతుంది. అసలు మాట "డికర్", లావుపాటోడా అని. హిప్‌హాప్ పుణ్యమా అని దేశమంతా పాకింది. గాలికి ఎగిరిపోయేంత బక్కోడు కూడా ఇక్కడ డిగ్గానే.

వియన్నావాసి
మా దగ్గర అదే మాట "ఓయ్డా". ఆల్టర్‌లో ఉన్న "ల" ఇక్కడి యాసలో కరిగిపోయి "య్" అవుతుంది. ట్రామ్ తప్పిపోతే దిగులుగా ఓయ్డా, గోల్ పడితే గట్టిగా ఓయ్డా, ఎవరైనా కాలు తొక్కితే కోపంగా ఓయ్డా. గొంతును బట్టి అర్థం. అమ్మాయిలు అమ్మాయిల్ని కూడా అంటారు, కాబట్టి ఇక వయసూ లేదు, మగా లేదు అందులో.

పాత_జర్మన్_టీచర్
కడప తమ్ముడి ప్రశ్న చాలా మంచిది, విడదీసి చెబుతాను.

నిఘంటువులో కనబడ్డవి రెండు వేర్వేరు మాటలు. "డాస్ ఆల్టర్" అంటే వయసు, నపుంసక లింగం. మీ ల్యాబ్ కుర్రాడు అనేది అది కాదు. "ఆల్ట్" అంటే పాత, ముసలి అనే విశేషణం. దాన్నే పురుషుణ్ణి పిలవడానికి వాడితే "ఆల్టర్!" అవుతుంది. చివర ఉన్న "ర్" వ్యాకరణం తెచ్చిపెట్టింది. అందుకే "డెర్ ఆల్టె" అన్నప్పుడు అది ఉండదు, "మైన్ ఆల్టర్" అన్నప్పుడు వచ్చి చేరుతుంది. మైన్ ఆల్టర్ అంటే కొడుకు నోట "మా నాన్న", పెళ్లాం నోట "మా ఆయన". రెండూ కాస్త మొరటే. అదే "మైన్ ఆల్టర్ హెర్" అంటే నాన్నగారి మీద ప్రేమ కలిసిన గౌరవం. ఒక్క "హెర్" (అయ్యగారు అన్నట్టు) ఎంత పని చేసిందో చూడండి.

ఇక మీ లెక్క. "ఆల్టర్" తరవాత వచ్చే నామవాచకం చూడాలి. హాజె అంటే కుందేలు. చాలా వేటలు తప్పించుకుని బతికిన కుందేలుకు అడవిలో దారులన్నీ తెలుసు, అంటే పనిలో పండిపోయినవాడు. "ఆల్టర్ క్నాబె" స్నేహంగా అనే మాట, పాత మిత్రమా అన్నట్టు. "హౌడేగెన్" అంటే ఎన్నో యుద్ధాలు చూసినవాడు, అదీ మెచ్చుకోలే. జాక్ అంటే సంచి, బొక్ అంటే మేకపోతు, క్నాకర్ కూడా ఆ బాపతే. వీటి ముందు ఆల్టర్ వస్తే తిట్టు. ముసలితనం అన్నిట్లోనూ ఉంది, పక్కన ఎవర్ని కూర్చోబెట్టారన్నదే తేడా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కోన్రాడ్ ఆడెనావర్ 1949లో ఛాన్సలర్ అయ్యేనాటికి ఆయనకు 73 ఏళ్లు, 1963లో దిగిపోయేనాటికి 87. జనం ఆయన్ని "డెర్ ఆల్టె" అనేవారు. అందులో చిన్నచూపు లేదు, ఇంట్లో పెద్దాయన అన్న భావం ఉంది. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్‌ను ఇప్పటికీ "ఆల్టర్ ఫ్రిట్స్" అంటారు.

వరంగల్_పోరడు
మస్తు చెప్పిన్రు సార్. మరి "ఆల్టర్ ష్వేడె" అంటరు కదా ఆశ్చర్యమైతే? నడుమ స్వీడన్ ముసలాయన ఎక్కడికెళ్లి వచ్చిండు?

పాత_జర్మన్_టీచర్
ఎక్కువగా చెప్పే కథ ఇది. ముప్ఫై ఏళ్ల యుద్ధం 1648లో ముగిశాక బ్రాండెన్‌బుర్గ్ పాలకుడు ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ అనుభవజ్ఞులైన స్వీడన్ సైనికుల్ని తన సైన్యంలో పెట్టుకుని కొత్తవాళ్లకు డ్రిల్లు నేర్పించాడట. ఆ గట్టి పిండాలను సైనికులు "పాత స్వీడన్‌వాళ్లు" అనేవాళ్లట. అక్కణ్నుంచి మెచ్చుకోలుగా, తరవాత ఆశ్చర్యార్థకంగా మారిందంటారు.

హాంబర్గ్_హరి
మా ఊళ్లో నిజంగానే ఒక ఆల్టర్ ష్వేడె ఉన్నాడు! 1999లో ఎల్బె నదిని లోతు చేస్తుంటే పెద్ద బండరాయి బయటపడింది, 217 టన్నులు. మంచుయుగంలో హిమానీనదం స్వీడన్ నుంచి ఈడ్చుకొచ్చిన రాయి. ఒడ్డున పెట్టి ఆ పేరే పెట్టారు. ఆదివారాలు పిల్లలు ఎక్కి ఆడుకుంటుంటారు.

కడప_టు_కెమ్నిట్స్
217 టన్నుల ముసలాయన! టీచర్ గారూ, నామవాచకం లెక్క బాగా పట్టుబడింది. మరి ఎవరు అంటున్నారన్నది కూడా చూడాలి కదా? అదే "ఆల్టర్ క్నాకర్" మా ప్రొఫెసర్ తనను తాను అనుకుని నవ్వుతాడు.

లక్ష్మి_గెల్జెన్‌కిర్షెన్
అది నేను చెప్తాను, రోజూ చూసేదే కాబట్టి. నేను వృద్ధాశ్రమంలో నర్సును.

మా ఆశ్రమంలో ఒకాయన ఉన్నారు, పాత గని కార్మికుడు. ఈ రూర్ ప్రాంతమంతా బొగ్గే కదా. చివరి గని ప్రోస్పర్ హానియెల్‌ను, ఇక్కడికి దగ్గర్లో బొట్రోప్‌లో, 2018 డిసెంబర్‌లో మూసేశారు. ఆ రోజు ఆయన టీవీ ముందు నుంచి లేవలేదని మా సీనియర్ సిస్టర్ చెబుతుంటుంది. ఆయన చేతుల మీద చర్మం కింద నీలం గీతలుంటాయి, పాత గాయాల్లో బొగ్గు పొడి ఉండిపోయి. స్నానం చేయించేటప్పుడు వాటిని చూపించి ఏ గాయం ఎప్పటిదో చెబుతారు. ప్రతి కథా "మాలాంటి ఆల్టర్ క్నాకర్‌లు..." అనే మొదలవుతుంది. ఆయన అనుకోవచ్చు. తోటి కార్మికులూ ఆయన్ని అనొచ్చు, వాళ్లు ఒకరికొకరు "కుంపెల్", కింద చీకట్లో ప్రాణాలు ఒకరి చేతుల్లో ఒకరు పెట్టుకున్నవాళ్లు. నేను మాత్రం అనకూడదు.

మనవాళ్లు కొత్తగా వచ్చినప్పుడు పొరపడేది ఇక్కడే. మన ఊళ్లో ముక్కూమొహం తెలియని పెద్దాయన్నైనా "తాతగారూ" అంటే అది మర్యాద. ఇక్కడ ఆశ్రమంలో ఉన్నాయన్ని "ఓపా", అంటే తాతా, అని పిలిస్తే అమర్యాద. ట్రైనింగ్ మొదట్లోనే చెబుతారు: హెర్, ఇంటిపేరు, "జీ" (మీరు). అంతే. కారణం అడిగితే మా టీచర్ ఇలా చెప్పింది: ఆయన తన మనవలకు ఓపా, నీకు కాదు; నువ్వు ఓపా అంటే ఆయన జీవితమంతా చెరిపేసి వయసొక్కటే మిగిల్చినట్టు. ఆయనే పేరు పెట్టి పిలవమంటే అది వేరు, అప్పుడు రికార్డులో రాసుకుంటాం.

వరంగల్_పోరడు
అక్కా, ఆ నీలం గీతల ముచ్చట చదివి కాసేపు అట్లనే కూసున్న.

గోదారబ్బాయి_మ్యూనిక్
లక్ష్మి గారు చెప్పింది ఆశ్రమం వరకూ నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటానండి. కానీ బయట జర్మన్లు వయసు మాటలు ఆడుకోరు అనుకుంటే తప్పు. నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు ఇక్కడి విక్టువాలియెన్‌మార్క్ట్ బజారుకి తీసుకెళ్లాను. డెబ్బై దాటారు, చేతికర్ర కూడా ఉంది. కూరగాయలమ్మే ఆవిడ ఆయన్ని చూసి "యుంగర్ మాన్, ఏం కావాలి?" అంది. కుర్రాడా అని! అర్థం చెబితే నాన్నగారు ఇంకో అరకిలో టమాటాలు ఎక్కువ కొన్నారు. ఇంటికొచ్చాక అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నారు.

సన్నజాజి
పిల్లాడు బస్సులో సీటు మీద కాళ్లు పెడితే డ్రైవర్ కూడా "యుంగర్ మాన్!" అనే గదమాయిస్తాడు. డెబ్బై ఏళ్లాయనకు మురిపెం, ఏడేళ్లవాడికి చీవాట్లు. పడనిది మధ్య వయసు వాళ్లకే. నలభై ఏళ్లాయన్ని అంటే వెటకారంలా వినిపిస్తుంది.

ష్వాబెన్_శీను
నలభై అనగానే నేను రావాల్సిందే. మా స్టుట్‌గార్ట్ వైపు నలభయ్యో ఏటికి ప్రత్యేకంగా పేరుంది, "ష్వాబెన్‌ఆల్టర్". ష్వాబెన్ అంటే మా ప్రాంతం. ష్వాబెన్ మగాడికి నలభై నిండితేగానీ బుద్ధి రాదని సామెత. మిగతా ఊళ్లవాళ్లు ఇది పట్టుకుని ఏడిపిస్తే వీళ్లు రెండో పాదం కలిపారు: ష్వాబెన్ వాడికి నలభైకి తెలివొస్తుంది, మిగతావాళ్లకు ఎన్నటికీ రాదు. నా నలభయ్యో పుట్టినరోజుకు ఆఫీసులో కార్డు మీద ఇదే రాసి, "ఇక నువ్వూ మావాడివే" అని అందరూ సంతకాలు చేశారు. ఇన్నేళ్లలో నాకు దొరికిన అన్ని సర్టిఫికెట్ల కంటే అది ఎక్కువనిపించింది, ఇప్పటికీ గోడకి ఉంది.

హాంబర్గ్_హరి
శీను అన్నా, మన దగ్గర అరవై దాటితే షష్టిపూర్తి చేస్తాం. వీళ్లు నలభైకి బుద్ధిపూర్తి చేస్తున్నారన్నమాట 😄

బ్రేమెన్_బుజ్జి
ఉత్తరాన ఇంకా ముందే మొదలవుతుంది వ్యవహారం. పెళ్లికాని మగాడికి 25 నిండితే "ఆల్టె జొకె", పాత మేజోడు! ఇంటి ముందు తాడు కట్టి పాత సాక్సులు వేలాడదీస్తారు. తాడు వెంబడి నడుస్తూ ఆగిన చోటల్లా ఒక గుక్క ష్నాప్స్, ఘాటు సారా, తాగాలి. 30 నిండినా పెళ్లి కాకపోతే మా బ్రేమెన్‌లో కెతీడ్రల్ మెట్లు ఊడవాలి. మా టీమ్‌లో ఒకతనికి చేశారు, నేను దగ్గరుండి చూశాను. నెత్తిన పొడుగు టోపీ, ఒంటి మీద వింత వేషం. స్నేహితులు సంచులకొద్దీ సీసా మూతలు తెచ్చి మెట్ల మీద కుమ్మరిస్తారు, ఇతను ఊడుస్తుంటే ఇంకా పోస్తారు. పక్కన ఒకాయన చేత్తో తిప్పే వాద్యం వాయిస్తుంటాడు. ఒక అమ్మాయి వచ్చి ముద్దు పెడితేనే విముక్తి. ఆ మూతల చప్పుడు చౌకు అంతా వినిపిస్తుంది, దారిన పోయేవాళ్లంతా ఆగి చప్పట్లు కొడతారు.

వరంగల్_పోరడు
మా ఇంట్ల పెండ్లి మాట తీస్తే నేను గా మెట్లు ఊడ్వనీకి పోతనని చెప్తా ఇగ.

సన్నజాజి
బుజ్జి చెప్పినదాంట్లో రెండో సగం నేను చెబుతాను. 25 ఏళ్ల పెళ్లికాని ఆడపిల్లకు "ఆల్టె షాఖ్‌టెల్", పాత డబ్బా. 30కి మెట్లు కాదు, తలుపు పిడులు తోమాలి. అక్కడివరకూ ఆటే, సరే. కానీ ఈ చర్చంతా చదువుతుంటే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మగాడికి వయసొస్తే కుందేలు, వీరుడు, హెర్, స్వీడన్ సైనికుడు... తిట్లున్నా పక్కన మంచి మాటలూ ఉన్నాయి. ఆడదానికి డబ్బా, "ష్రులె" (గయ్యాళి ముసలిది), "యుంగ్‌ఫర్" (పెళ్లికాని ముసలి కన్య). "మైన్ ఆల్టర్" మొరటు మాటే కానీ సాగుతుంది, అదే "మైనె ఆల్టె" అని మొగుడు నలుగురిలో అంటే వినేవాళ్లకే తలొంచుకోవాలనిపిస్తుంది. పనిలో పండిన ఆవిడను మెచ్చుకోవాలన్నా మళ్లీ ఆ మగకుందేలునే అరువు తెచ్చుకుని "ఆవిడ ఒక ఆల్టర్ హాజె" అంటారు. మగవాళ్ల వయసుకు ఇన్ని మాటలెందుకని కడప తమ్ముడు అడిగాడు కదా. మీసం నెరవడం వాళ్లకు ఉద్యోగంలో, సైన్యంలో, సంఘంలో హోదా తెచ్చింది కాబట్టి. హోదా ఉన్నచోట పొగడ్తా పుడుతుంది, దాన్ని పడగొట్టే ఎగతాళీ పుడుతుంది.

పాత_జర్మన్_టీచర్
సన్నజాజి గారి మాట అక్షరాలా నిజం. తరగతిలో ఈ జాబితా బోర్డు మీద రెండు వరసల్లో రాయిస్తే పిల్లలే చెప్పేస్తారు ఆ తేడా.

ఎర్రబస్సు_ఎస్సెన్
నాకు వీటిలో సగం మాటలు వినడమే ఇష్టం లేదు. సరదా సరదా అంటూనే ముసలివాళ్లను బరువుగా చూడ్డం అలవాటవుతుంది. పింఛనుదార్లు ఎక్కువైపోతున్నారని చెప్పడానికి "రెంట్నర్‌ష్వెమె", పింఛనుదార్ల వరద, అనే మాట పుట్టించారు. 1996లో దాన్ని ఆ ఏటి చెడ్డ మాటగా ఎంపిక చేసి తలవంపులు తెచ్చారు, మంచి పని చేశారు. కుర్రాళ్ల మాటలేం తక్కువా? 2008లో మొట్టమొదటి "యువత మాట"గా ఎంపికైంది "గామెల్‌ఫ్లైష్‌పార్టీ". అంటే ముప్ఫై దాటినవాళ్ల పార్టీ. గామెల్‌ఫ్లైష్ అంటే కుళ్లిన మాంసం! ముప్ఫైకే!

బ్రేమెన్_బుజ్జి
అన్నా, ఆ రెండూ ఒకటి కావు. గామెల్‌ఫ్లైష్ ఇరవయ్యేళ్ల పిల్లలు తమ అన్నల్ని ఏడిపించిన మాట, ఇప్పుడెవరూ వాడట్లేదు కూడా. రెంట్నర్‌ష్వెమె పెద్దవాళ్లు చర్చల్లో సీరియస్‌గా వాడిన మాట. రెండోదే ప్రమాదం.

లక్ష్మి_గెల్జెన్‌కిర్షెన్
బుజ్జితో ఏకీభవిస్తాను. మా ఆశ్రమంలో పెద్దాయనలు ఒకరినొకరు "టాటర్‌గ్రైస్" అని పిలుచుకుని కడుపుబ్బ నవ్వుకుంటారు, వణుకుడు ముసలాయనా అని. వాళ్లను బాధపెట్టేది ఆ మాట కాదు. డాక్టరొచ్చి, వాళ్లు ఎదురుగా కూర్చునుండగానే "ఈయన తిన్నాడా?" అని నన్నడగడం. అందులో చెడ్డ మాట ఒక్కటీ లేదు చూడండి.

ఎర్రబస్సు_ఎస్సెన్
అది ఒప్పుకోక తప్పదమ్మా.

వియన్నావాసి
కుర్రాళ్ల వైపు కూడా చూద్దాం, ముసలివాళ్లనే పట్టుకుని కూర్చున్నాం. "ద్రైకేజెహోఖ్" నాకు బాగా ఇష్టం: మూడు జున్ను చక్రాలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత ఎత్తో అంత పిల్లాడు. మా పక్కింటి బుడ్డోడు నిజంగా అంతే ఉంటాడు, తలుపు గొళ్లెం అందక కాలితో తంతాడు. "గ్రూన్‌ష్నాబెల్" పచ్చముక్కు, అంటే అనుభవం లేని కుర్రకుంక. "మిల్ష్‌బూబి" పాలబుగ్గలవాడు. 1950లలో తోలు జాకెట్లు, మోటార్‌సైకిళ్లు, రాక్ సంగీతంతో తిరిగిన కుర్రాళ్లను "హాల్బ్‌ష్టార్కె" అన్నారు, సగం బలవంతులు. 1958లో బెర్లిన్‌లో అమెరికా రాక్ గాయకుడు బిల్ హేలీ కచేరీలో హాలు పగలగొట్టింది ఆ తరమే. వాళ్లే ఇప్పుడు లక్ష్మి గారి ఆశ్రమాల్లో ఉండే వయసు.

లక్ష్మి_గెల్జెన్‌కిర్షెన్
ఉన్నారు! మా దగ్గర ఒకాయన గది గోడ మీద మోటార్‌సైకిల్ ఫోటోనే, పెళ్లి ఫోటో దాని కింద.

ష్వాబెన్_శీను
పిల్లాడు అన్న మాటకే ఊరికో పేరు. ఉత్తరాన "యుంగె", మా దక్షిణాన "బూబ్", బవేరియాలో "బూఅ", బెర్లిన్ బుడతడు "ష్టెప్కె", స్విట్జర్లాండ్ బెర్న్ వెళ్తే "గీల్".

నాయ్‌కోల్న్_నవీన్
బెర్లిన్ కుర్రాళ్లతో ఫుట్‌బాల్ ఆడతాను, ఒకటి చేరుస్తా. టర్కీ మూలాలున్న పిల్లలు ఒకరినొకరు "మోరుక్" అనుకుంటారు. టర్కిష్‌లో దానర్థం కూడా ముసలాయనే! ఆల్టర్‌కు తోబుట్టువు లాంటిది. జర్మన్ పిల్లలూ పట్టేసుకున్నారు. 2013లో యువత మాటగా ఎంపికైన "బాబో", నాయకుడు, అది కూడా ఇలా వేరే భాషలోంచి వచ్చిందే. దానికి జోడీగా తిరిగే "చాబో", కుర్రాడు, రోమానీ భాష నుంచి వచ్చింది. మన "అరే మామా" కూడా మా టీమ్‌లో ఇద్దరికి అంటించాను, గోల్ కొడితే వాళ్లూ మామా అని అరుస్తున్నారు.

కడప_టు_కెమ్నిట్స్
నవీన్ అన్నా, మామా ఎగుమతి సూపర్! అందరూ ఇంత ఓపికగా చెప్పారు, ఇంకొక్కటి అడుగుతా. వచ్చే వారం మా ప్రొఫెసర్‌కు 60 నిండుతాయి. కార్డు రాసే పని నాకు అంటగట్టారు. ఆయనతో నాకు "జీ" సంబంధమే. ఏం రాయొచ్చు, ఏం రాయకూడదు?

పాత_జర్మన్_టీచర్
"జీ" అయితే ఆల్టర్‌తో మొదలయ్యే ఏ మాటా వద్దు, హాజె కూడా. అది సమవయస్కులో, "డూ" (నువ్వు) అనుకునేవాళ్లో అనాలి. "ర్యూస్టిష్" అనే మాట నిఘంటువులో గట్టివాడు అని కనబడుతుంది, మోసపోకండి. అది ఎనభై ఏళ్లకు మెట్లెక్కేవారికి చెప్పేది, అరవై ఏళ్లాయనకు రాస్తే చురుక్కుమంటుంది. "ఇమ్ బెస్టెన్ ఆల్టర్", మంచి ప్రాయంలో, అన్నది కార్డుల మీద మామూలే గానీ విద్యార్థి రాస్తే కొంచెం చనువు ఎక్కువ. ఆయన పనిలో మీకు నచ్చిందేదో ఒక్కటి రాయండి, వయసు ఊసే ఎత్తకండి.

ష్వాబెన్_శీను
రిటైరయ్యే ఆలోచనలో ఉంటే "ఉన్‌రూఎష్టాంట్" బాగుంటుంది. రూఎష్టాంట్ అంటే విశ్రాంత జీవితం, ముందు "ఉన్" తగిలిస్తే విశ్రాంతి లేని రిటైర్మెంట్. కానీ అది ఆయన నోటి నుంచి వచ్చాకే వాడు, ముందు నువ్వు తీయకు.

లక్ష్మి_గెల్జెన్‌కిర్షెన్
కార్డు ముందురోజు మాత్రం ఇవ్వకు తమ్ముడూ. పుట్టినరోజు రాకముందే శుభాకాంక్షలు చెబితే అశుభమని నమ్ముతారు ఇక్కడ, పెద్దవాళ్లయితే మొహం మీదే వద్దంటారు. ఆ రోజు పొద్దున ఇవ్వు. సెలవు రోజైతే తరవాత ఇచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు.

కడప_టు_కెమ్నిట్స్
ఆదివారం పడింది అక్కా, సోమవారం ఇస్తా.